బ్రిటిష్ సైన్స్ ఫిక్షన్ టీవీ సిరీస్ డాక్టర్ హూలోని ప్రయోగాత్మక ఎపిసోడ్లలో బ్లింక్, మిడ్‌నైట్, హెవెన్ సెంట్: ఏది గొప్పది?

నా ఓటు హెవెన్ సెంట్‌కే. 2007 నాటి బ్లింక్‌లో డాక్టర్ (కాలంలో ప్రయాణించే సిరీస్ హీరో) కనిపించేదే తక్కువ, కథంతా శాలీ స్పారోది, మనం రెప్ప వేస్తే చాలు కదిలొచ్చే విగ్రహాలు. కొత్తవాళ్లకి ముందు ఇదే చూపించండి. మిడ్‌నైట్ (2008)లో శత్రువు రూపమే కనపడదు. బండిలో ఇరుక్కున్న ప్రయాణికులు, వాళ్లలో ఒకావిడ మొదట ఇతరుల మాటల్ని తిరిగి పలుకుతుంది, తర్వాత వాళ్లతో పాటే పలుకుతుంది, చివరికి డాక్టర్ కన్నా ముందే పలుకుతుంది, ఆ టెన్షన్ మామూలుది కాదు.

2015లో వచ్చిన హెవెన్ సెంట్‌ని మాత్రం డాక్టర్‌గా నటించిన పీటర్ కపాల్డీ దాదాపు ఒక్కడే మోశాడు. (చూడనివాళ్లు ఇక్కడ ఆగండి.) వజ్రం కన్నా గట్టి గోడని పిడికిలితో గుద్దుతూ, చచ్చి మళ్లీ మొదలుపెడుతూ, 450 కోట్ల ఏళ్లు! స్నేహితురాలిని పోగొట్టుకున్న దుఃఖాన్ని ఇలా చూపించొచ్చని నేనైతే ఊహించలేదు.