బుడమేరు గీయమని అడక్కు

అమ్మడూ,

విజయవాడ సింగ్‌నగర్ పిల్లలతో అందరికీ కలిపి ఒకే గుడ్డ మీద బొమ్మలేయిస్తానన్నావుగా ఫోన్‌లో. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి రోజుల తరబడి ఇళ్లలో నీళ్లు చూసినవాళ్లు. నాకు వెంటనే దివిసీమ గుర్తొచ్చింది.

1977 నవంబరు 19 ఉప్పెన తర్వాత ఓ శిబిరంలో పిల్లల్ని కూర్చోబెట్టి, "ఆ రోజు ఏం చూశారో గీయండి" అన్నాను. కొత్త డ్రాయింగు మాస్టర్ని, తెలివి అంతవరకే. ఒకడు కాగితమంతా నల్లగా పులిమి, పెన్సిల్ విరిగేదాకా రుద్ది లేచిపోయాడు. మర్నాడు రాలేదు. నువ్వు మాత్రం బుడమేరు గీయమని అడక్కు. గీయాలనిపిస్తే వాళ్లే గీస్తారు.

తర్వాత రెండు పాత పంచెలు కలిపి కుట్టి నేల మీద పరిచాను. "మీ ఊరు నాకు చూపించండ్రా" అన్నాను. చింతచెట్టు రామాలయానికి ఎటువైపుందని అరగంట తగువు! నేను కల్పించుకోలేదు. వాళ్లు అంత గట్టిగా మాట్లాడగా వినడం అదే మొదలు. ఓ పిల్ల తన ఇల్లు వేసి, పక్కిల్లు కూడా వేసింది. ఆ ఇంట్లో ఎవరూ మిగల్లేదు. దాని గుమ్మం ముందు ముగ్గు కూడా పెట్టింది. జాజు గిన్నె కాస్త దగ్గరికి జరిపానంతే.

గుంపుకి ఆరేడుగురు చాలు. వారం వారం ఒకే రోజు, ఒకే వేళకి వెళ్లు. రాలేకపోతే ముందే చెప్పు, చెప్పకుండా మాయమైనవి వాళ్లు చాలా చూశారు. నలుపు రెండింతలు కొను. బహుమతుల జోలికి పోకు, పోటీ పెట్టావంటే ఎవరి మూల వాళ్లదైపోతుంది. ఒకరి బొమ్మ మీద ఇంకొకరు పులిమితే తిట్టకు. పైన గుడ్డముక్క అతికించి, బొమ్మ పాడైనవాళ్లకే ముందు బ్రష్షివ్వు. "ఇదేంటి?" అనే బదులు "దీని గురించి చెప్తావా?" అను. చెప్పకపోతే వదిలెయ్. ఫోటోలు తీసేవాళ్లని గుమ్మం దగ్గరే ఆపు, ఎంత పెద్దమనుషులైనా సరే.

నిద్రా తిండీ మానేసినవాళ్లో, చచ్చిపోతాననేవాళ్లో కనిపిస్తే రంగులతో సరిపెట్టకు. ఇంట్లోవాళ్లకి చెప్పి, మానసిక సాయం కోసం ప్రభుత్వం నడిపే టెలీమానస్ 14416కి ఫోన్ చెయ్యి, తెలుగులోనే మాట్లాడతారు.

అయ్యాక గుడ్డ ఎక్కడుంచాలో పిల్లల్నే అడుగు. మావాళ్లు గోడకి వద్దన్నారు. మడిచి బడి బీరువాలో పెట్టమని, తాళంచెవి ఎక్కడుంటుందో చూపించమని అడిగారు.

ఆశీస్సులతో,
పెదనాన్న