రెండు పాస్‌పోర్టులు ఉంటే ఎక్కడ ఏది చూపించాలి?

పుట్టిన చోటును బట్టి ఒక పౌరసత్వం, తల్లి వైపు నుంచి ఇంకోటి వచ్చాయి, ప్రయాణంలో ఏ పాస్‌పోర్టు వాడాలి అని మీ ప్రశ్న.

ద్వంద్వ పౌరసత్వం అని ఎవరూ విడిగా ఒక కాగితం ఇవ్వరు. ఏ దేశానికి ఆ దేశం తన చట్టం ప్రకారం మిమ్మల్ని తన మనిషిగా లెక్కేసుకుంటుంది, రెండోదాని గొడవ దానికి పట్టదు. అందుకే ఏ దేశపు ఇమిగ్రేషన్ దగ్గర ఆ దేశపు పాస్‌పోర్టే తియ్యాలి. అమెరికా చట్టంలో ఇది రాసే ఉంది. కెనడా కూడా 2016 నవంబరు నుంచి తన పౌరులను కెనడా పాస్‌పోర్టు లేకుండా విమానం ఎక్కనివ్వడం లేదు (అమెరికా పాస్‌పోర్టు కూడా ఉన్నవాళ్లకు మినహాయింపు). గడువు తీరిపోయింది, ఈసారికి రెండోదాని మీద వీసా తీసుకుంటానన్నా సాధారణంగా కుదరదు. పాస్‌పోర్టుకే గడువు, పౌరసత్వానికి కాదు. సొంత పౌరుడికి వీసా ఎందుకిస్తారు?

తికమకంతా చెక్-ఇన్ దగ్గరే. అక్కడ చూపాల్సింది వెళ్లే దేశపు పాస్‌పోర్టు. దిగాక లోపలికి రానివ్వకపోతే జరిమానా పడేది ఎయిర్‌లైన్‌కి, అందుకే వాళ్లు వీసా వెతుకుతారు. ఆ తర్వాత ఇమిగ్రేషన్‌లో బయల్దేరే దేశానిది, దిగాక మళ్లీ వెళ్లిన దేశానిది. రానూపోనూ ఒకే టికెట్ అయితే వెళ్లేటప్పుడు ఇచ్చిన నంబరే తిరుగు ప్రయాణానికీ ఉండిపోయి, కౌంటర్‌లో వీసా ఏదని ఆపేస్తారు. రెండో పాస్‌పోర్టు చేతికిచ్చి వివరాలు మార్చమనండి, అయిపోతుంది.

పెళ్లయ్యాక ఒకదాంట్లోనే ఇంటిపేరు మారి ఉంటే అసలు తంటా. చెక్-ఇన్‌లో చూపే పాస్‌పోర్టులో ఉన్న పేరుతోనే టికెట్ తీసుకోండి, వివాహ ధ్రువపత్రం చేతి సంచిలో పెట్టుకోండి.

రెండింట్లో ఒక దేశంలో చిక్కుల్లో పడితే రెండో దేశపు ఎంబసీ వల్ల పెద్దగా ఒరిగేదేమీ ఉండదు. పౌరసత్వాల మీద దేశాల మధ్య కుదిరిన 1930 హేగ్ ఒప్పందం నాటి నుంచీ ఉన్న సూత్రమే ఇది. పన్నుల విషయంలో అమెరికా తీరే వేరు: ఎక్కడున్నా తన పౌరుడైతే రిటర్న్ వెయ్యాల్సిందే (ఆదాయం పరిమితి దాటితే), విదేశీ ఖాతాలన్నీ కలిపి ఏడాదిలో ఎప్పుడైనా 10,000 డాలర్లు దాటినా చెప్పాల్సిందే.

మీకు రెండూ పుట్టుకతోనే వచ్చాయి కాబట్టి సరిపోయింది. కోరి ఇంకో దేశపు పౌరసత్వం తీసుకుంటే మొదటిది దానంతటదే పోయే దేశాలున్నాయి: భారత్, జపాన్ అలాంటివే. భారత మూలాలున్న విదేశీ పౌరులకు భారత్ ఇచ్చే ఓసీఐ (ఓవర్సీస్ సిటిజన్ ఆఫ్ ఇండియా) కార్డు జీవితకాల వీసా లాంటిదే తప్ప పౌరసత్వం కాదు. ఇక జపాన్ అయితే చిన్నప్పటి నుంచీ రెండూ ఉన్నవాళ్లను కూడా 20 ఏళ్లు నిండేలోపు ఏదో ఒకటి తేల్చుకోమంటుంది.