మిద్దె మీద తక్కాళి

చిరంజీవి చిట్టికి అవ్వ ఆశీర్వదించి రాసేది. హైదరాబాదులో మిద్దె మీద నాటు టమాటా పెడతావని మీ అమ్మ చెప్పింది. మీరు టమాటా అంటారు గానీ నాకది తక్కాళే. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మీ పిట్టగోడ మోకాలెత్తు కూడా లేదు కదమ్మీ, కుండీలు అంచున పెట్టొద్దు.

వినాయక చవితప్పుడు నారు పొయ్యి. ఎండాకాలమైతే పూత రాలిపోతుంది. నెల నారును కింది ఆకులు గిల్లి, కాడ సగం దాకా మన్నులో పూడ్చు, పూడ్చినకాడల్లా వేరొస్తుంది. ఊతకట్టె మరువొద్దు. నీళ్ళు ఒకనాడు ఎండగట్టి ఒకనాడు ముంచితే కాయ పగులుతుంది. ఆకు ముడత కనిపిస్తే జాలిపడకుండా చెట్టు పీకెయ్, లేకుంటే తెల్లదోమ అన్నిటికీ అంటిస్తుంది.

గింజ దగ్గర మాత్రం నా మాట విను. కాపురానికొచ్చేటప్పుడు మా అమ్మ పాతచీర కొంగులో గింజలు మూటగట్టి ఇచ్చింది. కాయ సొట్టలు సొట్టలుగా, గుమ్మడికాయ మాదిరి గాడులతో ఉండేది. మదనపల్లె మార్కెట్టు చేరేలోగా సగం చితికేది. పులగూరలో మాత్రం నాలుగేస్తే చింతపండుతో పనిలేదు. పన్నెండేండ్లు కాపాడుకొచ్చినా. ఒక ఏడు మీ తాత పది సెంట్లు పెడదామంటే, ఉన్న గింజంతా ఒకే మడిలో చల్లేసినా. పచ్చగా మొలిచింది. ఆ వారమే ముసురు పట్టి మూడు దినాలు వదల్లేదు. తెరిపిచ్చినాక పోయి చూస్తే ప్రతి మొలకా మొదట్లో తడిసిన దారం మాదిరి సన్నబడి పడుకోనుంది. నారుకుళ్ళు. ఇంటికొచ్చి మూట దులిపినా, ఉత్త గుడ్డ. అప్పటికి అమ్మ పోయి రెండేండ్లు.

అంగడి హైబ్రిడ్ తెచ్చినాం. దాని గింజ దాచి చల్లితే మరుసటేడు చెట్టుకొక తీరు కాసింది. ఇంకో రెండేండ్లకు మా వదిన పెరట్లో సొట్టకాయ కనబడింది. ఎప్పుడో పిడికెడు గింజలు ఇచ్చింది నేనేనంట! అక్కడే కూలబడి ఏడ్చినా.

నీదీ నా తొందరే, జీతమొచ్చిన వారానికే ఖాళీ చేసే దానివి. కోపం తెచ్చుకోవద్దులే. మంచి చెట్టుకు బాగా మాగిన కాయ చూసి, గింజను గుజ్జుతోనే రెండు మూడు దినాలు పులియబెట్టి, కడిగి, నీడన పళ్ళెంలో ఆరబెట్టు. కాగితం మీదయితే అంటుకుంటాయి.

ఈ జాబుతో పంపే మూటలో నలభై గింజలుండాయి, ఎంచినా. ఇరవై చల్లు. మిగతావి ఫ్రిజ్‌లో పెట్టి డబ్బా మీద పేరు రాయి, మీ ఆయన నువ్వులనుకోని పోపులో వేసేస్తాడు.