రేకు పెట్టె

చిరంజీవి మాధవికి, మీ అత్త ఆశీర్వదించి రాస్తున్నది.

నిన్న రాత్రి మీ నాన్న ఫోను చేసి నీ సంగతి చెప్పాడు. సముద్రం ఒడ్డు పాలేలకు వెళ్లి, ఊరివాళ్ల చేత వాళ్ల కథలే చెప్పించి, మనసుల్లో గూడుకట్టుకున్న దిగులుకు దారేదో వాళ్లతోనే కలిసి వెతుకుతావట. భాగస్వామ్య పరిశోధన అంటారట దాన్ని. "కథలు చెప్పించుకుంటే డాక్టరేటు ఇస్తారా అక్కా?" అని వాడి సందేహం. ఇవ్వాలిరా, నోరు విప్పించడం అంత తేలికైతే నువ్వు నీ భార్య దగ్గర ఎందుకు విప్పవు అన్నాను. ఫోను పెట్టేశాక మాత్రం తెల్లవార్లూ నిద్ర లేదు. గర్వంగానే ఉంది. దాని పక్కనే ఇరవై ఏళ్ల నాటి భయం కూడా లేచి కూర్చుంది.

ముందు నీకు తెలిసినవి చెప్పేస్తాను. సర్పంచినీ కుల పెద్దలనూ కలవకుండా ఏ గడపా తొక్కకు. ఆశా కార్యకర్తను వెంట తీసుకెళ్లు. ఎథిక్స్ కమిటీ అనుమతి పత్రం సంచిలోనే ఉండాలి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం కాబట్టి మగవాళ్లు ఇంటి దగ్గర దొరుకుతారని నీ లెక్క కావచ్చు. దొరుకుతారు. కానీ చేతిలో రూపాయి ఆడని రోజులవి. అప్పుడు పరిచయానికి వెళ్లు, కథకు వెళ్లకు.

నీ పుస్తకాల్లో ఉండే జబ్బు పేర్లు అక్కడ ఎవరూ పలకరు. నిద్ర పట్టదంటారు, గుండె బరువంటారు, అన్నం సయించదంటారు. గాలి సోకిందని ఏ.ఎస్.పేట దర్గాకు వెళ్లి వచ్చినవాళ్లూ ఉంటారు. వాళ్ల ముందు ముఖం చిట్లించావో, ఇక నీకు ఎవరూ ఏమీ చెప్పరు. ఒక ఏడాది, కోరికకో రొట్టె మార్చుకునే రొట్టెల పండుగకు నెల్లూరు వెళ్లాను. స్వర్ణాల చెరువులో నా పక్కన నిలబడ్డ పెద్దావిడను "ఏ రొట్టె అమ్మా?" అని అడిగితే, "ఆరోగ్యం రొట్టే. కాకపోతే ఒంటికి కాదు" అంది. అలాంటి మాట వినబడితే చాలు, పేరు పెట్టే పని తర్వాత చూసుకోవచ్చు.

ఇక అసలు సంగతి. 1990లో మన నెల్లూరు జిల్లాలో పెద్దలకు చదువు నేర్పే అక్షరదీపం కార్యక్రమం మొదలైనప్పుడు నేనూ వాలంటీరునే. రాత్రి బడిలో లాంతరు చుట్టూ పదిహేనుమంది ఆడవాళ్లు. వాచకంలో సీతమ్మ కథ ఉండేది. సారాకు బానిసైన మొగుడు, చివరికి సీతమ్మ చావు. చదివాక "ఈ చావుకు కారణం ఎవరు?" అని అడగాలి. నీ మొగుడు తాగుతాడా అని అడిగి ఉంటే ఒక్కరూ నోరు మెదిపేవారు కాదు. సీతమ్మ గురించి కాబట్టి మాట్లాడారు. "సీతమ్మ ఆ రాత్రి గంజి కూడా తాగి ఉండదు" అంది ఒకామె. అది పాఠంలో లేదు. ఎవరి గంజో మా అందరికీ తెలుసు. ఎవరమూ పైకి అనలేదు. కలిగిరి మండలం దూబగుంటలో ఆడవాళ్లు 1992లో సారా దుకాణం మీద తిరగబడడం, 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం రావడం నువ్వు చదివే ఉంటావు. ఉద్యమం గురించి అందరూ రాశారు. నాకు మాత్రం ఆ చాటు గుర్తుంది. సీతమ్మ చాటున కూర్చుని పదిహేనుమంది తమ గురించి చెప్పుకున్నారు, ఎవరి పరువూ పోలేదు.

ఇంత తెలిసినదాన్ని, సునామీ తర్వాత ఆ చాటు మరిచిపోయాను.

2004 డిసెంబరు 26, ఆదివారం. నెల రోజుల తర్వాత ఒక సంస్థ తరఫున ఒక పాలేనికి వెళ్లాను. బియ్యం, దుప్పట్లు అప్పటికే చేరాయి. మనుషుల మాటలు విని రాసుకు రమ్మన్నారు. అక్కడ ఒకామెను ఊరంతా మెచ్చుకుంటోంది. నీళ్లు వచ్చినప్పుడు డ్వాక్రా సంఘం డబ్బున్న రేకు పెట్టెను చంకన పెట్టుకుని పరుగెత్తింది. ఇరవైమంది పొదుపు నిలిచింది. మంచాన పడ్డ అత్తగారు మాత్రం దక్కలేదు. పాపం, వేళ మించిపోయిందనుకున్నారు.

నాలుగో సాయంత్రం వల బాగుచేస్తూ ఆమె నాతో అంది: "ముందు పెట్టె తీశానమ్మా. తర్వాత ముసలమ్మ అనుకున్నాను." చేతిలో దారం ఆగలేదు. తల ఎత్తలేదు. "రెండిటికీ వేళ ఉంటుందనుకున్నాను."

నేను ఏడ్చాను. ఏడ్చి, ఆ రాత్రే రాశాను. ఎంత బాగా రాశానో కూడా చెప్పాలి, సిగ్గు లేకుండా. ఆమె పేరు లక్ష్మి అని మార్చాను, ఊరి పేరు తీసేశాను, నా బాధ్యత తీరిందనుకున్నాను. సంస్థవాళ్లు చిన్న పుస్తకంగా వేశారు. ఒంగోలులో సభ పెడితే నేనే చదివాను, చప్పట్లు కొట్టారు. ఒక ప్రతి ఆ ఊరి బడికి చేరింది. సంఘం లీడరు కూతురు ఎనిమిదో తరగతి, అమ్మకు చదివి వినిపించింది. ఊళ్లో లక్ష్ములు ఎంతమందైనా ఉండవచ్చు, రేకు పెట్టె ఒక్కటే కదా!

ఆమె మొగుడు ఆమెతో మాట్లాడడం మానేశాడు. పోయింది అతని తల్లి. సంఘంలో ఒకామె తన పొదుపు వాటా తెచ్చి ఆమె గుమ్మంలో పెట్టి వెళ్లిపోయిందట. అది విన్నప్పుడు నాకు అన్నం దిగలేదు. క్షమించమని అడగడానికి వెళితే గుమ్మంలోనే నిలబడి, "నీకు చెప్పాను కదమ్మా, ఊరికి చెప్పలేదే" అంది. అరవలేదు. వారం తర్వాత పుట్టింటికి వెళ్లిపోయిందని తెలిసింది. మళ్లీ వచ్చిందో లేదో కనుక్కునే ధైర్యం నాకు రాలేదు.

ఇంకొక సంగతి. అది పెట్టె కాదు. ఏమిటో నీకు కూడా చెప్పను. పేరు మారిస్తే చాలదు, గుర్తు పట్టించే వస్తువునే మార్చాలని ఇప్పటికి తెలిసింది.

అందుకే నా మాట విను. ఒక్కరి కథను ఒక్కరిదిగా రాయకు. పదిమంది చెప్పినవి కలిపి, వాళ్ల చేతనే ఒక సీతమ్మను తయారు చేయించు. బుర్రకథ కడతారో, ముగ్గుతో నేల మీద గీస్తారో వాళ్ల ఇష్టం. రాసింది ముందు వాళ్లకే చదివి వినిపించు. ఏది ఉంచాలో, ఏది తీసేయాలో వాళ్లు చెబుతారు. నీకు బాగా నచ్చిన వాక్యాన్నే తీసేయమంటారు, చూస్తూ ఉండు. మారు మాట్లాడకుండా కొట్టెయ్యి. సమ్మతి పత్రం మీద వేలిముద్ర పడింది కదా అని నిశ్చింతగా ఉండకు. రేషను కోసం, పింఛను కోసం వేలిముద్ర వేసి వేసి అలవాటైన చేతులవి. చెప్పిన రోజు అడుగు, రాసిన రోజు అడుగు, ఊరు వదిలే రోజు మళ్లీ అడుగు. ఫోనులో వీడియో మాత్రం వద్దే వద్దు. మా రోజుల్లో పుస్తకం ఊరు చేరడానికి నెలలు పట్టింది. నీ ఫోనులోది గంటలో చేరుతుంది.

తెరిచిన గాయాన్ని అలా వదిలి బస్సెక్కేయకు. దగ్గరి ప్రభుత్వాసుపత్రిలో మానసిక వైద్యుడు ఏ రోజు ఉంటాడో మొదటి కథ వినకముందే కనుక్కో. మనసు బాగోలేనివాళ్లకు ఫోనులో సాయం చేసే ప్రభుత్వ సేవ టెలి మానస్ నంబరు 14416 అందరికీ రాసి ఇవ్వు, రాత్రయినా పగలయినా పలుకుతుంది. చావబోయి బతికినవాళ్లు పోలీసు కేసు అవుతుందని దాచుకుంటారు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం అలాంటివారు తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నారనే భావించమంటోంది, శిక్షించమనడం లేదు. ఆ మాట నీ నోటి నుంచి వినాలి వాళ్లు.

నీ సంగతి నాకు తెలుసు. పనిలో పడితే అన్నం మరిచిపోతావు, ఎవరి బాధ విన్నా నీదే అన్నట్టు మోస్తావు, చిన్నప్పుడు కోడిపిల్ల చచ్చిపోతే మూడు రోజులు మాట్లాడలేదు. ఆ రోజుల్లో నేను విన్నవన్నీ నాలోనే పెట్టుకుని చాలాకాలం నిద్రకు మొహం వాచాను. శనివారం సాయంత్రం కావలిలో బస్సు దిగి నేరుగా మా ఇంటికి వచ్చెయ్యి. ఎవరి కథా నాకు చెప్పనక్కరలేదు. ఏడవాలనిపిస్తే ఏడువు, ఎందుకని అడగను. మామిడికాయ వేసి చేపల పులుసు పెడతాను. అది మర్నాటికే రుచి కాబట్టి, ఆదివారం కూడా ఉండేలా రా.

మీ అత్త