చెయ్యి తీస్తే స్టేషన్ జారిపోతోంది

ప్రశ్న: ఒకే ట్రాన్సిస్టర్‌తో బ్రెడ్‌బోర్డ్ (సోల్డర్ లేకుండా భాగాలు గుచ్చే బోర్డు) మీద చిన్న ఎఫ్ఎం ట్రాన్స్‌మీటర్ చేశాను. రేడియోలో నా గొంతు వినిపిస్తోంది కానీ, ట్రిమ్మర్ (స్టేషన్ సర్దడానికి తిప్పే చిన్న కెపాసిటర్) తిప్పి చెయ్యి తీయగానే స్టేషన్ ఎటో పోతోంది. మూడు ట్రాన్సిస్టర్లు మార్చినా అంతే. యాంటెన్నా పొడవు పెంచితే కుదురుతుందా?

జవాబు: ట్రాన్సిస్టర్ జోలికి ఇక వెళ్లకండి. గొంతు వినపడిందంటే అది బాగానే పనిచేస్తున్నట్టు. గొడవంతా కాయిల్, ట్రిమ్మర్ కలిసే చోట ఉంది. 0.1 మైక్రోహెన్రీ కాయిల్‌కి 25 పికోఫారడ్ల కెపాసిటెన్స్ (విద్యుత్ ఆవేశాన్ని నిల్వ చేసే సామర్థ్యం) జత చేస్తే ఫ్రీక్వెన్సీ 100 మెగాహెర్ట్జ్ దగ్గర పడుతుంది. అందులో ఒక్క పికోఫారడ్ తేడా వచ్చినా స్టేషన్ దాదాపు 2 మెగాహెర్ట్జ్ పక్కకి జరుగుతుంది, మరి మీ వేళ్లు కాయిల్ దగ్గరికి వస్తే ఆ మాత్రం కలవడం పెద్ద పనేం కాదు. బ్రెడ్‌బోర్డ్‌లో పక్కపక్క వరుసల మధ్య కూడా అంతో ఇంతో కెపాసిటెన్స్ ఉంటుంది, వైరు కదిలితే అదీ మారుతుంది. అందుకే ఈ సర్క్యూట్‌కి బ్రెడ్‌బోర్డ్ వద్దనే నేను గట్టిగా చెప్తాను.

రాగి పూత బోర్డు మీద, భాగాల తీగ కాళ్లు వీలైనంత పొట్టిగా కత్తిరించి సోల్డర్ చేయండి. కాయిల్‌కి మోటారు వైండింగ్ తీగ, 0.8 మిల్లీమీటర్లది, 6 మిల్లీమీటర్ల డ్రిల్ బిట్ మీద ఐదు చుట్లు చుట్టి బిట్ లాగేయండి. చుట్లు ఎడంగా సాగదీస్తే ఫ్రీక్వెన్సీ పెరుగుతుంది, దగ్గరికి నొక్కితే తగ్గుతుంది. కుదిరాక రెండు చుక్కలు కొవ్వొత్తి మైనం వేస్తే ఇక కదలదు. ట్రిమ్మర్ తిప్పడానికి ఇనుప స్క్రూడ్రైవర్ వాడుతున్నారేమో, ప్లాస్టిక్‌ది తీసుకోండి, సగం టెన్షన్ అక్కడే పోతుంది. బ్యాటరీ ప్లస్, మైనస్ మధ్య 0.01 మైక్రోఫారడ్ సెరామిక్ కెపాసిటర్ ఒకటి, సర్క్యూట్‌కి ఆనుకునే పెట్టండి.

యాంటెన్నా మాత్రం పెంచకండి. నేరుగా ట్రాన్సిస్టర్ కలెక్టర్ కాలికి తగిలించిన తీగ ఎంత పొడవైతే స్టేషన్ అంత జారుతుంది. 2 లేదా 3 పికోఫారడ్ల కెపాసిటర్ ద్వారా 10 సెంటీమీటర్ల తీగ కలపండి, గదిలో వినడానికి సరిపోతుంది. దూరం పెంచాలనే ఆశ ఉంటే ముందు మీ దేశంలో అనుమతి నిబంధనలు చూసుకోండి, పైగా 108 మెగాహెర్ట్జ్ దాటగానే విమానాల బ్యాండ్ మొదలవుతుంది, కాబట్టి ఆ చివరకి అసలు వెళ్లొద్దు.

ఇదంతా చేశాక సర్క్యూట్‌ని బల్ల మీద పెట్టి, అర మీటరు దూరం జరిగి వినండి. స్టేషన్ కదలకుండా ఉంటే, అప్పుడు మైకు ఎలా పనిచేస్తోందో రాయండి.