అమ్మడికి, మళ్ళీ గనిలోకి దిగే ముందు

విజయవాడ, గుణదల
ఆదివారం రాత్రి

చి.ల.సౌ. అమ్మడికి, మావయ్య ఆశీస్సులు.

వచ్చే నెల నుంచి నువ్వు మళ్ళీ అండర్‌గ్రౌండ్‌కి వెళ్తున్నావని మీ అమ్మ ఫోన్ చేసి ఒకటే ఏడుపు. దానితో ‘ఏం కాదులేవే’ అన్నాను గానీ, ఫోన్ పెట్టేశాక నాకే నిద్ర పట్టలేదు. గర్వంగా లేదా అంటే ఉంది. మా రోజుల్లో ఆడవాళ్ళని గని లోపలికి రానిచ్చేవాళ్ళు కాదు. 2019లో గదా ఒప్పుకున్నారు, అదీ అప్పట్లో పొద్దున 6 నుంచి సాయంత్రం 7 దాకానే. కీళ్ళవాతం మూడేళ్ళు మూల కూర్చోబెట్టినా మళ్ళీ రాళ్ళు చూడాలంటున్నావంటే, ఆ మొండితనం మా వైపుదే.

మెడికల్‌లో ఉన్నదున్నట్టు చెప్పు. నీ మందులకి లోపలి దుమ్మూ, తడీ పడతాయో లేదో నీ డాక్టర్ని అడుగు. సెలవుల్లో సరదాకి కూడా మూసేసిన పాత గనుల్లోకి వెళ్ళకు. ఆక్సిజన్ తగ్గిన గాలికి వాసన ఉండదు.

గుంటూరులో ఉన్నన్నాళ్ళూ మంగళగిరి వెళ్ళి పానకాలస్వామి మెట్లు ఎక్కు. మొదటి వారం పావు వంతు చాలు. కీళ్ళు వాచిన రోజు అసలే వద్దు. అయితే కొండకి ఎక్కడం ముందు, దిగడం తర్వాత. గనికి ఇది తలకిందులు. హాయిగా దిగిపోతాం, షిఫ్టంతా అలిసిపోయాక ఎక్కాలి. అందుకని ముందు ఓ గంట కింద నడిచి, అప్పుడు మెట్లు మొదలుపెట్టు. స్వామి కూడా పోసిన పానకంలో సగమే తాగి సగం వెనక్కిస్తాడు. నీ బలంలో సగం పైకి రావడానికి ఉంచుకో.

పొద్దున్నే నీ వేళ్ళు పట్టేస్తాయని మీ అమ్మ చెప్పింది. ఫస్ట్ షిఫ్ట్ వద్దు, జనరల్ షిఫ్ట్ అడుగు. కడ్డీతో గని పైకప్పు కొట్టి చూసేటప్పుడు శబ్దం ఖంగుమంటే గట్టి రాయి, డొల్లగా వస్తే ఊడే రాయి. ఆ తేడా చెవికే కాదు, కడ్డీ పట్టుకున్న చేతికీ తెలియాలి. అన్నిటికంటే ముఖ్యం, సెల్ఫ్ రెస్క్యూయర్, అదే గ్యాస్ వస్తే ఊపిరికి వాడే డబ్బా, దాని మూత నీ వేళ్ళతో వస్తుందా? ట్రైనింగ్‌కి వాడే డబ్బా ఉంటుంది, అడిగి పదిసార్లు తీసి చూడు.

ఈ డబ్బా గురించి ఎందుకింత చాదస్తమంటే, ఒక సంగతి చెప్పాలి. మీ అత్తయ్యకి కూడా సగమే తెలుసు.

నాకు 47 ఏళ్ళప్పుడు షుగర్ వచ్చింది. సర్వేయర్‌కి జబ్బంటే ఆఫీసులో కూర్చోబెడతారని భయపడి ఎవరికీ చెప్పలేదు. ఒకరోజు ఆలస్యమై మాత్ర వేసుకున్నాను, టిఫిన్ మానేశాను. కొలతల్లో నాకు సాయం చేసే చైన్‌మన్, నేనూ గనిలోకి దిగే వాలుదారి (ఇంక్లైన్) కిందిదాకా వెళ్ళాం. బరువుగా ఉందని నడుము బెల్టుకున్న డబ్బా తీసి కోణాలు కొలిచే థియొడొలైట్ పెట్టె పక్కన పెట్టాను. చూడు ఎంత తెలివైనవాణ్ణో! తిరిగి ఎక్కుతుంటే చెమటలు. ఉక్క కదా అనుకున్నాను. తర్వాత కాళ్ళు వణికాయి, మాట తడబడింది, గోడకి జారి కూలబడ్డాను.

వాడికి నా షుగర్ సంగతి తెలియదు. గనిలో మనిషి ఉన్నట్టుండి పడిపోతే ఏమనుకుంటాడు? గ్యాస్ అనుకున్నాడు. నా నడుముకి డబ్బా లేదు. తన డబ్బా మూత లాగి, నా నోట్లో పెట్టి, ముక్కుకి క్లిప్పు తగిలించి, తను ఒట్టి ముక్కుతో పైకి పరిగెత్తాడు. నిజంగా గ్యాసే అయ్యుంటే నాకంటే ముందు వాడే పోయేవాడు. వాడికి ఇద్దరు చిన్నపిల్లలు.

ఆ చుట్టుపక్కల పని ఆపి అందర్నీ బయటికి పంపారు. గాలి పరీక్షించే సర్దార్ వచ్చి చూస్తే గాలి నిక్షేపంగా ఉంది. ఎవరో గ్లూకోజ్ నీళ్ళు పట్టారు. కళ్ళు తెరిచేసరికి చైన్‌మన్ నా బూట్లు విప్పుతూ ఏడుస్తున్నాడు. ఎందుకు చెప్పలేదని ఒక్కమాట అనలేదు. అన్నా బాగుండేది. మర్నాటి నుంచి నేను రిటైరయ్యేదాకా వాడి జేబులో పల్లీ బెల్లం పొట్లం ఉండేది. ల్యాంప్ రూమ్ దగ్గర నన్ను చూడగానే మొదటి మాట, ‘సార్, తిన్నారా?’

కాబట్టి నీతో దిగే మనిషికి అన్నీ చెప్పు. ఏ కీలు ఎప్పుడు మొరాయిస్తుందో, ఏ మాత్ర ఏ రోజో, నువ్వు ‘ఇక చాలు’ అంటే వెంటనే వెనక్కి తిరగాలనీ చెప్పు. సిగ్గుపడితే తంతాను. ఆరేళ్ళప్పుడు ఉండవల్లి గుహల్లో ఉలి దెబ్బలు వేలితో తడుముతూ ‘మావయ్యా, ఇవి ఎవరు కొట్టారు?’ అని సాయంత్రం దాకా నన్ను కదలనివ్వని పిల్లవి. అప్పుడు లేని సిగ్గు ఇప్పుడెందుకు?

శనివారం గుంటూరు వస్తున్నాను. మొదటి బస్సుకే వస్తా, నీ వేళ్ళు పట్టేసి ఉన్నప్పుడే. మీ అత్తయ్య ఆవకాయ సీసా మూత బాగా బిగించి తెస్తున్నాను. నా ముందు తీసి చూపించు.

మీ మావయ్య