పెట్రికోర్ ఏ నేలలో పుడుతుంది?

చిరంజీవికి ఆశీస్సులు.

నీ కథ చదివాను. చినుకు పడగానే ముసలమ్మ పిడకలు ఎత్తుకుని, మనవణ్ణి వాకిట్లోనే మరిచిపోయి లోపలికి పరుగెత్తిన చోటు బాగుంది. ఆ తరువాతి పేజీకి వచ్చేసరికి ఒళ్లు మండింది.

మిర్యాలగూడ ఆయకట్టులో నాలుగు రోజులుగా ముసురు పట్టిందట, నీళ్లు నిలిచిన వరిమడిలోంచి 'పెట్రికోర్' గుప్పుమన్నదట! ఆ మాట పుట్టుపూర్వోత్తరాలు కనుక్కున్నావా? 1964లో ఇసబెల్ జాయ్ బేర్, రిచర్డ్ థామస్ అనే ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు 'నేచర్' పత్రికలో పెట్టిన పేరది. గ్రీకులో పెట్రా అంటే రాయి, ఐకర్ అంటే దేవతల ఒంట్లో నెత్తురుకు బదులు పారే ద్రవం. ఎండల్లో మొక్కల నుంచి వచ్చిన నూనెలు మట్టిలో, రాళ్లలో ఇంకి, చాలాకాలానికి చినుకు తగిలినప్పుడు పైకి లేచే వాసనకే ఆ పేరు. నేల ముందు ఎండాలి. సాగర్ ఎడమ కాలువ కింద నానుతున్న మడికి దానితో ఏం పని? అంత ముచ్చటగా ఉంటే రోహిణి ఎండలకు రోళ్లు పగిలాక, మృగశిర తొలి జల్లుకు దేవరకొండ వైపు వాన మీదే బతికే ఎర్రచెలకల్లోకి వెళ్లి నిలబడు.

పైగా ఆ వాసనకు గింజలు నిద్రలేచాయని రాశావు. ఆ నూనె మొలకను ఆలస్యం చేస్తుందని ఆ ఇద్దరే మరుసటి ఏడాది తేల్చారు. తొలి వానకే మొలిచిన గింజ, రెండో వాన మొహం చాటేస్తే ఏమవుతుందో ఆముదం వేసే మీ నాన్నను అడుగు. అసలు కథ అక్కడుంటే నువ్వు అత్తరు చల్లి దాటిపోయావు.

ఇంగ్లిషు మాట వాడినందుకు కోపం లేదు. ఏ మాటైనా సరే, దాని నేల చూడకుండా వాడకూడదు. నా తొలి కథలో 'చెలక' అని రాస్తే ఒక వారపత్రిక సంపాదకుడు 'పొలం' అని దిద్ది అచ్చువేశాడు. నీళ్లు లేక వలసపోయిన పాలమూరు మనిషి కథ అది. పొలం అనేసరికి బొమ్మ వేసినాయన పచ్చటి వరి వేసి పెట్టాడు! బస్సెక్కి వెళ్లి నిలదీస్తే, "పాఠకులకు అర్థం కావాలి కదండీ" అన్నాడు. ఆయన వారసులే ఇప్పుడు పెట్రికోర్‌ను మురిసిపోతూ అచ్చువేస్తున్నారు. దాని అర్థం మాత్రం ఎవరూ అడగరు.

సంపుటి ఎప్పుడు వేయాలి, ముందుమాట ఎవరితో రాయించాలి అని అడిగావు. ముందు ఈ కథ తిరగరాయి. ఈసారి కాగితం మీద పంపు, ఫోనులో చదివితే కళ్లు మండుతున్నాయి.